దేహంలో లవణాల నియంత్రణ: చరిత్ర

రక్తంలోనూ కణాల్లోనూ కరిగి, విద్యుదావేశంతో తిరిగే సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడ్, ఫాస్ఫేట్, బైకార్బనేట్‌లను ఎలక్ట్రోలైట్లు అంటారు. హైదరాబాదు మాదాపూర్‌లో ఏ ల్యాబులోనైనా ‘సీరం ఎలక్ట్రోలైట్స్’ పరీక్ష చేయించుకుంటే, చేతికొచ్చే కాగితం మీద లీటరు రక్తద్రవంలో సోడియం 135–145, పొటాషియం 3.5–5 మిల్లీమోల్స్ ఉండాలని అచ్చయి ఉంటుంది. పూటపూటా ఆవకాయ కలుపుకున్నా, ఒక రోజు పస్తున్నా ఆరోగ్యవంతుడిలో ఈ అంకెలు పెద్దగా కదలవు. కదలకుండా కాసేవి మూత్రపిండాలు, వాటికి ఆజ్ఞలు పంపేవి హార్మోన్లు. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో కిలోకు పైగా ఉప్పు ఉంటుంది. బయటికి పోయేది మాత్రం ఒకటిన్నర లీటరు మూత్రం, అందులో ఆ రోజు తిన్నంత ఉప్పు. మిగిలినదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది.

మూత్రం మూత్రపిండాల్లోనే తయారవుతుందని రెండో శతాబ్దంలో గాలెన్ జంతువుల మూత్రనాళాలను ముడివేసి చూపాడు. ఆయుర్వేదం మూత్ర లక్షణాలను బట్టి ఇరవై ప్రమేహాలను గుర్తించింది. ఆ తర్వాతి పదహారు వందల ఏళ్ళలో ఈ విషయమై చెప్పుకోదగింది తక్కువ. 1832లో కలరా (తెలంగాణ పల్లెల్లో గత్తర) బ్రిటన్‌ను కబళిస్తున్నప్పుడు థామస్ లాట్టా అనే స్కాట్లండ్ వైద్యుడు రోగుల సిరల్లోకి ఉప్పునీరు ఎక్కించాడు. కొందరు లేచి కూర్చున్నారు. అయినా ఆ పద్ధతి మరుగున పడింది. 1842లో బౌమన్ మూత్రపిండంలోని సూక్ష్మనాళికల నిర్మాణాన్ని వర్ణించగా, ఆ దశకంలోనే లుడ్విగ్ వడపోత సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాడు. 1855లో అడిసన్ అధివృక్క గ్రంథులు చెడితే మనిషి నీరసించి చనిపోతాడని గుర్తించాడు. 1898లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండం నుంచి రక్తపోటు పెంచే రెనిన్‌ను తీశారు.

ఇరవయ్యో శతాబ్దం వరకు ఈ రంగానికి ఉన్న పెద్ద లోటు కొలత. రక్తంలో ఏ లవణం ఎంతుందో తెలియనిదే, దాన్ని ఎవరు నియంత్రిస్తున్నారన్న ప్రశ్నకు అర్థం లేదు. ఆ లోటును తీర్చినవారిలో ఒక తెలుగువాడున్నాడు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1922లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. నమూనాకు మాలిబ్డేట్ చేర్చి క్షయకరణం చేస్తే నీలిరంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. చవకైన, నిక్కమైన ఈ పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ఆసుపత్రి ప్రయోగశాలల్లో నడిచింది. అదే 1925లో కాలిప్ పారాథైరాయిడ్ గ్రంథుల సారాన్ని వేరుచేశాడు. ఆ హార్మోన్ రక్తంలో కాల్షియాన్ని పెంచి, ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి తోసేస్తుందని అంకెల్లో చూపడానికి కావలసింది సరిగ్గా ఇలాంటి కొలతే.

సుబ్బారావు అక్కడ ఆగలేదు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ ఆయన, ఫిస్కే కలిసి గుర్తించినవే (ఏటీపీని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నాడు). 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ పీత నరాల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోడే పంపును పసిగట్టినప్పుడు, అది నడిచేది ఏటీపీతోనేనని తేలింది. మూత్రపిండ నాళికల్లో సోడియాన్ని రక్తంలోకి తిరిగి చేర్చే యంత్రం ఇదే. మూత్రపిండాలు ఆక్సిజన్‌ను భారీగా ఖర్చు చేసేది ప్రధానంగా ఈ పని కోసమే. స్కౌకు 1997లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు 1948లోనే కన్నుమూశాడు.

హార్మోన్ల ఆచూకీ ఇరవయ్యో శతాబ్దపు మధ్య దశకాల్లో వేగంగా దొరికింది. నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్‌ను 1955 నోబెల్ గ్రహీత డు విన్యో సంశ్లేషించాడు. 1953లో సింప్సన్, టెయిట్ దంపతులు అధివృక్కాల నుంచి ఆల్డోస్టెరాన్‌ను వేరుచేశారు. సోడియాన్ని దాచి పొటాషియాన్ని వదిలేయమని నాళికలకు చెప్పేది అదే. రక్తపోటు తగ్గితే మూత్రపిండం రెనిన్ విడుదల చేయడం, దాని ద్వారా యాంజియోటెన్సిన్ పుట్టడం, అది ఆల్డోస్టెరాన్‌ను పిలవడం అనే గొలుసు 1960 ప్రాంతంలో పూర్తయింది. ఉప్పు, నీరు ఎక్కువైనప్పుడు గుండె తానే ఒక హార్మోన్‌తో వాటిని మూత్రంలోకి వదిలిస్తుందని డి బోల్డ్ 1981లో చూపాడు.

హైదరాబాదు ఈ కథలోకి వచ్చింది ఆకలి దారిన. 1918లో కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలి, తార్నాక దగ్గర స్థిరపడి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ముందున్న ప్రశ్న ఇది: పోషకాహార లోప వ్యాధి క్వాషియోర్కర్‌లో పిల్లల ఒళ్ళు నీరు పట్టి ఉబ్బడమెందుకు? రక్తంలో ఆల్బుమిన్ తగ్గడమే కారణమన్నది అప్పటి పాఠం. కాని చికిత్సలో ఆల్బుమిన్ ఇంకా పెరగకముందే వాపు తగ్గిపోవడం వైద్యులు చూస్తూనే ఉన్నారు. దెబ్బతిన్న కాలేయం నుంచి ఫెరిటిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వచ్చి, పీయూష గ్రంథి చేత వాసోప్రెసిన్‌ను విడుదల చేయిస్తోందని వారు 1958–59లో ప్రతిపాదించారు. ఈ వాదం అంతిమంగా నిలిచిందని చెప్పలేం, ఆ వాపు కారణం ఇంకా చర్చలోనే ఉంది. అయినా కంచంలోని కొరతను హార్మోన్‌తో, హార్మోన్‌ను మూత్రపిండంతో జతచేసిన ఆ ఆలోచన సాహసోపేతమైనది. ఒకే రకం తిండి తిన్న పిల్లల్లో కొందరికి ఉబ్బు, కొందరికి ఎండుతనం ఎందుకని గోపాలన్ 1968లో ప్రశ్నించి, శరీరం సర్దుకునే శక్తిలోనే తేడా ఉందన్నాడు. ఆ సర్దుబాటులో అధివృక్క హార్మోన్ల పాత్రను కె.ఎస్. జయారావు 1974లో వివరించాడు.

అదే సంస్థ ఫ్లోరైడ్ బెడదున్న నల్లగొండ వైపూ చూసింది. నెల్లూరు జిల్లా ఊళ్ళలో నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచుతోందని 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి రాశారు. 1973లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో పిల్లల మోకాళ్ళు లోపలికి తిరిగే కొత్త రూపాన్ని వర్ణించారు. అలాంటి రోగుల్లో పారాథైరాయిడ్ హార్మోన్‌ను 1976లో శివకుమార్, కృష్ణమాచారి కొలిచారు. ఎముకలోకి కాల్షియం తరలిపోతుంటే రక్తంలో దాని మట్టం నిలపడానికి ఆ గ్రంథులు అధికంగా శ్రమిస్తాయని ఇప్పటి అవగాహన.

లాట్టా వదిలిన దారం 1971లో బెంగాల్ సరిహద్దున బొంగావ్ శరణార్థి శిబిరంలో దొరికింది. అక్కడ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, లవణాలు కలిపిన నీటిని (ఓఆర్‌ఎస్) తాగించి కలరా రోగులను కాపాడాడు. పేగులో గ్లూకోజు వెంట సోడియం, సోడియం వెంట నీరు లోపలికి వెళ్తాయి. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. చక్కెర ఎక్కువై లవణాలు తక్కువైన తీపి పానీయం విరేచనాలను పెంచవచ్చు. అలాంటివి ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని మందుల దుకాణాల్లో అమ్ముడవడంపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాలపై ఆ పేరు వాడకాన్ని నిషేధించింది.

ఈ కథలో తేలని ముడులూ ఉన్నాయి. శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల నడుమ వ్యాపించిన దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి నిర్దిష్ట కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

1998లో ఐటీ సముదాయం సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పశ్చిమ హైదరాబాదులో అమెరికా పగటికి అనుగుణంగా రాత్రిపూట పనిచేసే జనం పెరిగారు. కాని మూత్రపిండాలకు సొంత గడియారం ఉంది. పొటాషియాన్ని అవి పగలు ఎక్కువగా, రాత్రి తక్కువగా వదులుతాయి. తిండిని ఇరవైనాలుగు గంటలకూ సమానంగా పంచిపెట్టినా ఈ లయ చెదరదు. గచ్చిబౌలి క్యాంటీన్‌లో రాత్రి రెండింటికి వేడి సాంబారుతో ఇడ్లీ తిన్నవాడి మూత్రపిండాలు, వేళలు మారిన తొలి రోజుల్లోనైనా, అర్ధరాత్రి లెక్క ప్రకారమే పనిచేస్తుంటాయి.