దానం నుంచి హక్కు దాకా: సంగారెడ్డి - పటాన్‌చెరు ప్రాంతంలో పేద పిల్లల చదువు

వ్యాససంగ్రహం:
ఉమ్మడి మెదక్ జిల్లాలో గ్రామీణ, గిరిజన పేద పిల్లల చదువుకు అందిన సహాయం గత శతాబ్దంలో మూడు రూపాలు తీసుకొంది. అవి మిషనరీల, సంస్కర్తల దానం, ప్రభుత్వ సంక్షేమం, రాజ్యాంగం గుర్తించిన హక్కు. ఈ మూడు దశలను సంగారెడ్డి - పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతాన్ని కేంద్రంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. పిల్లవాణ్ణి పనిలో ఉంచుతూ అందించిన సహాయానికీ, పని మాన్పించి బడిలో నిలిపిన సహాయానికీ గల భేదాన్ని ఇది ప్రధానంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: బాలకార్మికులు, వసతిగృహాలు, గురుకులాలు, తండాలు, వలస, విద్యాహక్కు, సామాజిక బాధ్యత.

1. ఉపోద్ఘాతం:
2016 అక్టోబరు 11న ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో రెండు లోకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ముంబయి రహదారి వెంట రామచంద్రాపురంలోని బి.హెచ్.ఇ.ఎల్., పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్, కంది దగ్గర ఐ.ఐ.టి. హైదరాబాదు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు ఒక లోకం. నారాయణఖేడ్ వైపు తండాలు, జహీరాబాదు వైపు మెట్టభూముల దళితవాడలు, ఇటుక బట్టీల దగ్గర వలస కుటుంబాల గుడిసెలు మరొక లోకం. మొదటి లోకం రెండవ లోకంలోని పిల్లలకు పుస్తకాలు, బట్టలు, బల్లలు ఇస్తూనే ఉంది. అయితే ఇవ్వడమన్నది ఈ ప్రాంతంలో కొత్తగా మొదలైనది కాదు. దాని చరిత్రను పరిశీలిస్తే ఏ సహాయం నిలిచిందో, ఏది నిలవలేదో తెలుస్తుంది.

2. నిజాం కాలం - దానం, దాని పరిమితి:
నిజాం రాజ్యంలో తెలుగు పల్లెల్లో బడులు చాలా తక్కువ. ఉన్న బడుల్లోనూ పై తరగతుల బోధన ఉర్దూలో సాగేది. ఖాంగీ పాఠశాల, అంటే ప్రైవేటు బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి తప్పనిసరి. ఇటువంటి స్థితిలో మెదక్ ప్రాంతంలో దళిత పిల్లలకు అక్షరాలు నేర్పిన తొలి సంస్థలలో వెస్లియన్ మిషన్ ఒకటి. 19వ శతాబ్దం చివరలో మెదక్ చేరిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి నిర్మాణం, కరువుకాలంలో చుట్టుపక్కల పేదలకు కూలి, కూడు కల్పించిన పనిగా ప్రజల జ్ఞాపకంలో నిలిచింది. వైద్యం, బడి, అన్నం ఒకే ఆవరణలో దొరకడం ఆ కాలపు సహాయానికి ముఖ్యలక్షణం. అది మతప్రచారంతో ముడిపడి ఉండడం కూడా అంతే నిజం.

ఇదే కాలంలో హైదరాబాదు నగరంలో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ పాఠశాలలను నెలకొల్పారు. ఆయన ప్రయత్నం వెలుపలినుంచి వచ్చిన దయ కాదు, సమాజం తన పిల్లలకోసం తాను చేసుకొన్న ఏర్పాటు. తరువాతి కాలంలో ఆ బడులను నిజాం ప్రభుత్వం స్వీకరించింది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ మొదటి సమావేశం జరిగిన జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. మాతృభాషలో చదువు, ఖాంగీ బడులపై ఆంక్షల తొలగింపు ఆంధ్రోద్యమం నిరంతరం అడిగిన కోరికలు. గిరిజనుల విషయంలో హైమన్‌డార్ఫ్ సూచనలతో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో గోండు విద్యాపథకం ఆరంభమైంది. గోండి భాషలో వాచకాలు తయారుచేసి, గోండులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దడం దాని ప్రత్యేకత.

మెదక్ ప్రాంతపు లంబాడా తండాలకు ఇటువంటి ప్రత్యేక పథకం వెంటనే దక్కలేదు. తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరింది 1976 నాటి సవరణ చట్టంతోనే. అంతవరకు ఒకే రాష్ట్రంలో ఆంధ్ర ప్రాంతపు లంబాడా పిల్లవాడు గిరిజనుడిగా లెక్కకు వచ్చాడు, నారాయణఖేడ్ తండా పిల్లవాడు రాలేదు.

3. ప్రభుత్వ సంక్షేమం - వసతిగృహం, గురుకులం:
స్వాతంత్ర్యానంతరం దాత స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. షెడ్యూల్డు కులాల, తెగల, వెనుకబడిన తరగతుల వసతిగృహాలు, ఆశ్రమ పాఠశాలలు, ఉపకార వేతనాలు ఈ దశకు చెందినవి. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు. 1980లలో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల చొరవతో సాంఘిక సంక్షేమ గురుకులాలు విస్తరించాయి. పల్లెలో చదువు లేని కుటుంబం నుంచి మొదటిసారి బడికి వచ్చిన పిల్లవాడికి పుస్తకం ఒక్కటే చాలదనీ, పడుకోవడానికి చోటు, మూడుపూటలా అన్నం, చదివించే వాతావరణం కావాలనీ ఈ విధానం గుర్తించింది.

అయితే ఈ ద్వారాలు బడి దాకా వచ్చినవారికే తెరుచుకొన్నాయి. అసలు బడి ముఖమే చూడని పిల్లల మాట వేరు. తెలంగాణ పల్లెల్లో పసులు కాసేందుకు, పటేళ్ల ఇళ్లలో చాకిరీకి పిల్లవాణ్ణి ఏడాది లెక్కన 'జీతం' ఉంచడం సాధారణంగా ఉండేది. తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు పని వడ్డీ అయ్యేది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ పద్ధతిని నేరంగా చేసినా, అది వెట్టి నుంచి విడిపించిన పిల్లవాణ్ణి బడికి చేర్చే బాధ్యత ఎవరిదో చెప్పలేదు.

4. పరిశ్రమలు వచ్చిన తరువాత:
1970లు, 80లలో పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం పరిసరాల్లో రసాయన, ఔషధ పరిశ్రమలు పెరిగాయి. వాటి వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరకు చేరాయి. పొలాలు, బావులు పాడయ్యాయని రైతులు ఆందోళన చేశారు. 1990లో ఈ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఈ మార్పుకూ పిల్లల చదువుకూ సంబంధం ఉంది. భూమి దెబ్బతిన్న కుటుంబం కూలికి మళ్లితే ఇంటి పనీ, పసుల పనీ పిల్లలమీద పడుతుంది. పరిశ్రమలతోపాటు పెరిగిన నిర్మాణాలకు ఇటుక కావాలి. ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడ వంటి జిల్లాలనుంచి కుటుంబాలు ముందస్తు బయానా తీసుకొని వస్తాయి. శీతకాలంలో వచ్చి వానలకు ముందు తిరిగి వెళ్లే ఆ కుటుంబాల పిల్లలు అక్కడి బడికీ, ఇక్కడి బడికీ కాకుండా పోతారు.

ఈ పిల్లలకు తొలుత సూచించిన పరిష్కారం రాత్రిబడి, అనియత విద్య. పగలు పని, సాయంత్రం అక్షరం అన్నది దాని సూత్రం. ఇంగ్లండులో 1833 నాటి ఫ్యాక్టరీ చట్టం మిల్లులలో పనిచేసే పిల్లలకు రోజుకు రెండు గంటల చదువు చాలన్నది. తరువాత వచ్చిన సగం రోజు పని, సగం రోజు బడి పద్ధతిని తొలగించడానికి అక్కడ 1918 విద్యాచట్టం దాకా ఆగవలసివచ్చింది. 1986 నాటి మన బాలకార్మిక చట్టం కూడా ప్రమాదకరమని పేర్కొన్న పనులనే నిషేధించి, మిగిలినవాటిని క్రమబద్ధం చేసింది. వ్యవసాయం, పసుల కాపలా నిషేధం పరిధిలోకి రాలేదు.

5. పొరుగు జిల్లా నుంచి వచ్చిన ప్రశ్న:
ఈ ఆలోచనను బలంగా ప్రశ్నించినది పటాన్‌చెరుకు సరిహద్దుగా ఉన్న రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్. చరిత్రకారుడు, రాజనీతి శాస్త్రవేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఈ సంస్థ 1991 నుంచి బాలకార్మికుల సమస్యను చేపట్టింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా ఆయన మనుమరాలు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్ర ఆచార్యులుగా పనిచేశారు.

బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్నది ఈ సంస్థ నిర్వచనం. దీనితో ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకొనే ఆడపిల్ల, సంకరజాతి పత్తి విత్తన క్షేత్రంలో పూలు గిల్లే ఆడపిల్ల మొదటిసారిగా లెక్కలోకి వచ్చారు. పూర్తికాలపు పగటి బడి తప్ప మరే చదువూ ప్రత్యామ్నాయం కాదన్నది రెండవ సూత్రం. పేదరికంవల్లనే పిల్లలు పనికి పోతున్నారన్న వాదాన్ని కూడా సంస్థ అంగీకరించలేదు. తల్లిదండ్రులు చదివించాలనే కోరుకొంటారనీ, వయసు మించిన పిల్లవాణ్ణి ఏ తరగతిలో చేర్చుకోవాలో తెలియని బడి, జననపత్రం అడిగే కార్యాలయం, పనికి పెట్టుకొన్న ఆసామి అడ్డుగా ఉన్నారనీ అది వాదించింది.

ఆచరణలో పని మాన్పించిన పిల్లలను కొన్ని నెలలపాటు శిబిరంలో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధంచేసి ప్రభుత్వ బడిలో, సంక్షేమ వసతిగృహంలో చేర్చేవారు. శిబిరం బడికి పోటీ కాదు, బడికి వేసిన వంతెన. గ్రామంలో యువకులు, పంచాయతీ సభ్యులు, ఉపాధ్యాయులు కలిసిన బాలల హక్కుల వేదికలు ఆ పిల్లవాడు మళ్లీ పనికి పోకుండా చూసేవి. అంటే సంస్థ తన సొంత బడులను పెంచుకోలేదు, ఉన్న ప్రభుత్వ బడిని జవాబుదారీ చేసింది. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలు.

6. జహీరాబాదు అనుభవం:
సంగారెడ్డి జిల్లాలోనే మరొక మార్గం కూడా కనిపిస్తుంది. 1983 నుంచి జహీరాబాదు ప్రాంతంలో పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళల సంఘాల ద్వారా బాల్వాడీలను నడిపింది. తల్లి పొలానికి పోతే చంటిబిడ్డను చూసే చోటు దొరికితేనే పెద్ద కూతురు బడికి పోగలదన్న గ్రహింపు ఇందులో ఉంది. మాచునూరులో నెలకొల్పిన 'పచ్చసాలె'లో పాఠ్యాంశాలతోపాటు స్థానిక వ్యవసాయజ్ఞానం, చేతిపనులు నేర్పారు. చదువు పిల్లవాణ్ణి తన ఊరికి పరాయివాణ్ణి చేయకూడదన్నది దాని ఆశయం.

పైకి ఇది ఫౌండేషన్ వాదానికి విరుద్ధంగా కనిపిస్తుంది. ఒకటి పనినుంచి పిల్లవాణ్ణి పూర్తిగా తప్పించమంటుంది, మరొకటి పనిలోని జ్ఞానాన్ని బడిలోకి తెమ్మంటుంది. కాని ఇతరుల లాభంకోసం చేసే చాకిరీ వేరు, చదువులో భాగంగా నేర్చే విద్య వేరు. ఈ భేదాన్ని గుర్తిస్తే రెండు మార్గాలూ ఒకదానికొకటి పూరకాలే అవుతాయి.

7. చట్టం తరువాత మళ్లీ దానం:
2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువును ప్రాథమిక హక్కుగా చేసింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో వయసుకు తగిన తరగతి, అందుకు ప్రత్యేక శిక్షణ (4వ సెక్షన్), వలస కుటుంబాల పిల్లలను చేర్చుకొనే బాధ్యత స్థానిక సంస్థలదే అన్న నియమం (9వ సెక్షన్), వీలైనంతవరకు మాతృభాషలో బోధన (29వ సెక్షన్) ఉన్నాయి. శిబిరాల అనుభవం, మార్లవాయి అనుభవం చట్టభాషలో మళ్లీ కనిపించాయి.

ఇది జరిగిన కొద్దికాలానికే దానం కొత్తరూపంలో తిరిగివచ్చింది. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ నిర్ణీత పరిమాణం గల కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు వెచ్చించాలనీ, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలనీ చెబుతుంది. పారిశ్రామికవాడ బడులకు ఇది విలువైన వనరు. కాని బల్లలు, సంచులు, తరగతి గదులు బడిలో ఉన్న పిల్లలకే అందుతాయి. బట్టీ దగ్గర ఇటుకలు తిప్పే ఒడియా పిల్లవాడికి కావలసినది ఒడియా చదివించగల ఉపాధ్యాయుడు, రెండు రాష్ట్రాల బడుల మధ్య చేరిక పత్రం, తల్లిదండ్రులకు బయానా అవసరంలేని కూలి. ఇవి దాతృత్వపు పట్టికలో సులభంగా ఇమడవు.

8. ముగింపు:
ఈ ప్రాంత చరిత్రలో మిషన్ అన్నం పెట్టింది, సంస్కర్తలు బడి పెట్టారు, ప్రభుత్వం వసతి ఇచ్చింది, ఉద్యమాలు హక్కును సాధించాయి. వీటిలో ఏదీ వృథా కాలేదు. ఆది హిందూ పాఠశాలలు ప్రభుత్వవ్యవస్థలో కలిశాయి, శిబిరాల ఆలోచన చట్టంలో కలిసింది. తనకంటూ ఒక శాశ్వతస్థానాన్ని కోరని సహాయమే ఎక్కువకాలం నిలిచిందని ఈ పరిశీలన వల్ల తెలుస్తున్నది. రాత్రిబడివలె పిల్లవాణ్ణి పనిలోనే ఉంచి ఊరట కలిగించిన ఏర్పాట్లు మాత్రం ఆ పనికే అనుమతిగా మారాయి. కాబట్టి పారిశ్రామిక ప్రాంతంలో ఏ సహాయాన్నైనా ఎంత ఇచ్చారన్న లెక్కతో కాక, బడి బయట ఉన్న పిల్లలలో ఎందరు పూర్తికాలం బడిలో నిలిచారన్న లెక్కతో తూచడం చరిత్ర సూచించే కొలమానం.