ఇటలీ ప్లాస్టిక్ కంచాలు, గోరేబాళ గూడు

ఈ ఉగాది సంచికకు చరిత్ర విషయం ఒకటి వ్రాసి ఇమ్మని సంఘం పెద్దలు మమ్ము అడిగినప్పుడు వారి ఉద్దేశంలో ముదగల్ కోటో, ఆనెగొందియో ఉండి ఉంటుంది. ఆ పని చేయగల పండితులు వేరే ఉన్నారు. మేము మెట్రిక్ చదువుతో రైల్వే గుమాస్తా పనిలో చేరినవారము. పెట్టె మీద గుర్తు చూడనిదే దానిని కదల్చకపోవడం మా వృత్తి నేర్పిన విద్య. ఆ విద్యతోనే కొన్నాళ్లుగా పాత ప్లాస్టిక్ కంచాలను, అందులోనూ ఇటలీ దేశంలో తయారైనవాటిని, తిరగవేసి చూస్తున్నాము. చదువరులు నవ్వవచ్చును. మా ఇంట్లోవారు ముందే నవ్వినారు.

మన సంగతితోనే మొదలుపెడతాము. తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న పునాదిరాయి పడినది. ఒక గట్టున నిజాం ప్రభుత్వం, మరొక గట్టున మద్రాసు ప్రభుత్వం కలసి తలపెట్టిన పని అది. 1953లో కాలువలకు నీరు వచ్చినది. ఎడమ కాలువ పారిన రాయచూరు జిల్లా అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలోనిది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరినది. కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల రైతులు అక్కడ ఉన్న కొద్దిపాటి మాగాణి అమ్ముకొని, ఇక్కడ నల్లరేగడి కొనుక్కొని, పొలం గట్టునే గుడిసెలు వేసుకొన్నారు. అవే మన క్యాంపులు. సింధనూరు చుట్టూ, మా గోరేబాళ వైపూ నేటికీ ఆ పేరు పోలేదు. మూడు తరాలు గడచి, మేడలు లేచినా క్యాంపు క్యాంపే.

ఆ వచ్చినవారు తెచ్చుకొన్న సామాను ఏమిటి? ఇత్తడి బిందెలు, గంగాళం, కంచు గిన్నెలు, రాచ్చిప్ప. ఇత్తడి అంటే మన ఆడవారికి పాత్ర మాత్రమే కాదు, అవసరానికి తాకట్టు పెట్టే ధనం. కాని దానికి చాకిరీ ఎక్కువ. చింతపులుసు తగిలితే చిలుము పడుతుంది. కళాయి పోయించాలి. కొత్త క్యాంపుకు కళాయివాడు ఎప్పుడో గాని రాడు. దూరం నుంచి నీరు మోయాలంటే ఇత్తడి బిందె బరువే సగం. ఇట్టి ఇళ్లలోకి ప్లాస్టిక్ వచ్చినది. మన దేశంలో పాలిస్టైరీను 1957లోనూ, పాలిథీను 1959లోనూ తయారు కావడం మొదలైనది. పదిహేను ఇరవై ఏళ్లలో మగ్గులు, బిందెలు, టబ్బులు సంతకు వచ్చేసినవి. మా నాయనమ్మ తన పుట్టింటి గంగాళం ఇచ్చి రెండు ప్లాస్టిక్ టబ్బులు, ఒక బిందె, నాలుగు గ్లాసులు తీసుకొన్నదట. ఆ బేరంలో ఎవరు గెలిచినారో ఇప్పుడు అందరికీ తెలుసు. నడుము నొప్పి తగ్గిందని ఆమె మాత్రం చివరిదాకా ఆ బేరాన్నే మెచ్చుకొన్నది.

సరిగా ఆ కాలంలోనే ఇటలీలోనూ యుద్ధానంతరం ఇట్టి మార్పే జరుగుతున్నది. పల్లెలు విడిచి జనం మిలాన్, టురిన్ వంటి పట్టణాలకు చేరుతున్నారు. ఇరుకు వంటిళ్లు, కొత్త సంసారాలు. 1954లో మిలాన్ పాలిటెక్నిక్‌లో జూలియో నట్టా అనే ఆచార్యుడు పెట్రోలు శుద్ధిలో వచ్చే ప్రొపిలీను వాయువు నుంచి పాలిప్రొపిలీను అనే గట్టి పదార్థాన్ని సాధించినాడు. జర్మనీవాడైన కార్ల్ జీగ్లర్‌తో కలిపి ఆయనకు 1963లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి వచ్చినది. మోంటెకాతీని కంపెనీవారు 1957లో ఆ పదార్థాన్ని 'మోప్లెన్' అనే పేరుతో బజారుకు తెచ్చినారు. టెలివిజన్‌లో జీనో బ్రమియేరి అనే హాస్యనటుడు బకెట్లు, గిన్నెలు చేతబట్టి దాని గుణాలు చెప్పి నవ్వించేవాడు. నేడు మన వంటింట్లో ఉన్న డబ్బాలలో సగం ఆ నట్టాగారి సంతతే.

నట్టా శిష్యుడైన జూలియో కస్టెల్లి 1949లో కార్టెల్ కంపెనీని స్థాపించినాడు. మొదట మోటారు బండి పైన మంచు చెక్కలు కట్టుకొనే సాధనం, తరువాత ఇంటి సామాను. అక్కడ జీనో కొలొంబీని అనే ఆయన గీసిన మూతగల పాలిథీను బకెట్టుకు 1955లో 'కొంపాస్సో దోరో' బహుమానం దక్కినది. బంగారు వృత్తలేఖిని అని దాని అర్థం. మేము ఇక్కడ ఒక్క క్షణం ఆగినాము. బకెట్టుకు బహుమానమా అని! కాని ఆ దేశం పద్ధతి అది. బకెట్టుకు గీసినవాని పేరున్నది, నమూనా సంఖ్యయున్నది. 1999లో ఆ కంపెనీవారు మిలాన్ దగ్గర నోవీల్యోలో మ్యూజియం పెట్టి తమ పాత బకెట్లను, గిన్నెలను అందులో ఉంచినారు.

రెకనాతి ఊరి గుజ్జీనివారి కథ ఇంకా దగ్గరగా తోస్తుంది. 1912లో ఎన్రికో గుజ్జీని పశువుల కొమ్ముతో వస్తువులు చేయడం ఆరంభించినాడు. మన వైపు కొమ్ము దువ్వెనలు ఎరుగనివారు ఉండరు గదా, అట్టి పనే. కొమ్మును వేడి చేస్తే మెత్తబడుతుంది, అదిమితే ఆకారం నిలుస్తుంది. అందుచేత 1938లో అక్రిలిక్ రేకులు చేతికి వచ్చినప్పుడు వారికి అది పూర్తిగా కొత్త విద్య అనిపించి ఉండదు. కొమ్ము పోయి ప్లాస్టిక్ వచ్చినది, చేతి నేర్పు మిగిలినది. రంగు గాజువలె మెరిసే వారి గిన్నెలు, పళ్ళాలు ఇప్పుడు పాతవి సేకరించేవారికి మక్కువైనవి.

ఇక కంచాల దగ్గరకు వస్తే, 1964లో మాస్సిమో విన్యెల్లి మెలమైను కంచాలు కొన్ని రూపొందించినాడు. అంచు నిట్టనిలువుగా లేచి ఉంటుంది. ఒకదాని పైన ఒకటి పెడితే కదలక స్తంభంవలె నిలుస్తవి. వాటికి ఆ ఏడే బంగారు వృత్తలేఖిని వచ్చినది. 1970ల దశకంలో అమెరికాలో హెల్లర్ కంపెనీవారు వాటిని రకరకాల రంగులలో చేసి అమ్మినారు. రైల్వేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి: 1972లో న్యూయార్కు భూగర్భ రైళ్లకు గీతలన్నీ నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా మాత్రమే ఉండే ప్రసిద్ధ పటం గీయించినది ఈ విన్యెల్లిగారే. భూమి మీద వంకరలు పటంలో లేవని జనం గోల పెట్టగా 1979లో దానిని మార్చినారు. టైంటేబిలు పుస్తకంతో కుస్తీ పట్టిన మాకు ఆ పటం మీద గొప్ప గౌరవం.

మెలమైను, పాలిప్రొపిలీను చూపుకు ఒకటే అనిపించినా గుణం వేరు. మెలమైను పొడిని వేడి అచ్చులో అదిమితే ఒకసారి గట్టిపడి మళ్లీ కరగదు, ఇటుక కాల్చినట్లు. పాలిప్రొపిలీను మైనంవలె మళ్లీ కరుగుతుంది. పాత సామాను కొనేటప్పుడు తొట్టి నీళ్లలో వేసి చూడవచ్చును. పాలిప్రొపిలీను తేలుతుంది, మెలమైను, అక్రిలిక్ మునుగుతవి. ఎండలో పెట్టరాదు. రాయచూరు ఎండకు మనిషే పెళుసుబారుతాడు, పాత ప్లాస్టిక్ ఎంత? ఇనుప పీచుతో తోమరాదు. మెలమైను కంచంలో సలసల కాగే పులుసు పోయరాదు, మైక్రోవేవులో పెట్టరాదు. వేడికీ పులుపుకూ అందులోని పదార్థం కొద్దికొద్దిగా అన్నంలోకి దిగుతుంది. ఈ చివరి మాట సేకరించేవారు సాధారణంగా చెప్పరు. చల్లని తినుబండారాలకు, పండ్లకు వాడుకొనుటే మేలు.

మేము ఒకసారి పాసు మీద బొంబాయి వెళ్లినప్పుడు చోర్ బజారులో నాలుగు పసుపుపచ్చ కంచాలు కనిపించినవి. తిరగవేస్తే పొంగు అక్షరాలతో 'మేడ్ ఇన్ ఇటలీ' అని ఉన్నది. విన్యెల్లిగారివి కావు. ధర ఇక్కడ వ్రాయము. ఈ సంచిక ఇంటికీ వస్తుంది. వాటిని గోరేబాళ తెచ్చి, గూట్లో స్టీలు సామాను జరిపి, వరుసగా నిలబెట్టినాము.

మా అమ్మ వచ్చి చాలాసేపు చూచినది. "నాయనా, ఇట్టివే మన ఇంట్లో ఉండేవి గదా, ఆకుపచ్చవి. నాట్ల కూలీలకు మజ్జిగ పోసిన గ్లాసులు. అవేం చేశావు?" అని అడిగినది.

అవి మేమే పారవేసినాము. ఇల్లు తిరిగి కట్టించినప్పుడు మసిబారిన మగ్గులు, అంచు విరిగిన గ్లాసులు, అతుకులు వేసిన బిందె అన్నీ గోనెసంచిలో కుక్కి పాత సామాన్లవానికి ఇచ్చి, మూడు ఉల్లిపాయలకు సరిపడే డబ్బు పుచ్చుకొన్నాము. గంగాళం ఇచ్చి తెచ్చిన సామాను అది. మొదటి పంట కోసిన చేతులు పట్టుకొన్న గ్లాసులు అవి. వాటి అడుగున ఏ పేరున్నదో, అసలు పేరంటూ ఉన్నదో లేదో, గుర్తులు చూచి జీతం తీసుకొనే మేము ఒక్కసారైనా తిరగవేసి చూడలేదు.

అమ్మ అటక ఎక్కించి వెదికించినది. దొరికినది ఒక్కటే, ఆ పాత డబ్బాలలో ఏదో ఒకదాని ఆకుపచ్చ మూత. అంచు ఎలుక కొరికినది. వెనుక ఏ అక్షరమూ లేదు. కడిగి, తుడిచి, ఇటలీ కంచాల ప్రక్కన పెట్టినాము. మరునాడు ఉదయం చూస్తే అక్కడ లేదు. వంటింట్లో మాగాయ జాడీ మీద ఉన్నది. జాడీ మూత పగిలి ఆరు నెలలైందనీ, ఇది సరిగ్గా పట్టిందనీ అమ్మ చెప్పినది.