ఆహార్యానికి ఒక తరగతి గది

నాగార్జునసాగర్ జలాశయం ఒడ్డున, అనుపు దగ్గర ఒక రాతి కట్టడం ఉంది. నడుమ దీర్ఘచతురస్రంగా నేల, నాలుగు వైపులా మెట్లు. ఏ మెట్టు మీద కూర్చున్నా ముందువాడి తల అడ్డం రాదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, క్రీస్తు శకం మూడో శతాబ్దం నాటి రంగస్థలం అది. 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాలలో బయటపడింది. సాగరం నీళ్లు లోయను ముంచెత్తకముందే ఆ రాళ్లను తరలించి అనుపులో మళ్లీ పేర్చారు. అక్కడ నాట్యం జరిగిందా, మల్లయుద్ధాలు జరిగాయా అన్న చర్చ చరిత్రకారులది. నేను వెళ్లినప్పుడల్లా మెట్ల ఎత్తు చూస్తూ కూర్చుంటాను. చూసేవాడి చూపును లెక్కగట్టి రాయి చెక్కిన మనిషి పదిహేడు వందల ఏళ్ల కిందట మన పల్నాటిలో ఉన్నాడు. అతని పేరు మనకు దక్కలేదు.

భరతుడు నాట్యశాస్త్రంలో రెండో అధ్యాయమంతా నాటకశాల కట్టే పద్ధతికే ఇచ్చాడు. మనుషుల కోసం కట్టే శాల పొడవు 64 మూరలు, వెడల్పు 32 మూరలు చాలన్నాడు. అంతకు మించితే మాట చెదిరిపోతుందనీ, నటుడి ముఖంలోని భావం వెనకవాళ్లకు అందదనీ కారణం కూడా చెప్పాడు. ఆంగికం, వాచికం, సాత్వికంతో పాటు ఆహార్యాన్నీ అభినయమే అన్నాడు. వేషం, రంగు, నగ, రంగం మీద కనిపించే ప్రతి వస్తువూ ఆ మాటలోకే వస్తాయి. ఈ నాలుగింటిలో మన జిల్లాలు మూడింటికి హారతి పట్టి నాలుగోదాన్ని గుమ్మం బయట నిలబెట్టాయన్నది నా బాధ. విశ్వవిద్యాలయంలో నాటకం చదవడమంటే ఆ నాలుగోదాన్ని లోపలికి పిలవడమే.

1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర నల్లపాడులో స్నాతకోత్తర కేంద్రం తెరిచింది. 1976 సెప్టెంబరు 11న అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చేతుల మీదుగా మన నాగార్జున విశ్వవిద్యాలయం మొదలైంది. ఆ తేదీకి యాభై ఏళ్లు నిండుతున్న వేళ ఈ సంచికకు నాటక విద్య గురించి రాయమన్నారు. నేను ఈ ప్రాంగణంలో తెలుగు చదువుకుని, తర్వాత నాటకం చదవడానికి వేరే ఊరు వెళ్లినవాణ్ణి. కాబట్టి విశ్వవిద్యాలయం గోడల దగ్గర కాకుండా, నాటకం మాకు మొదట ఎక్కడ దొరికిందో అక్కణ్ణించి చెప్పుకొస్తాను.

మా ఊళ్లో నాటకమంటే మిరపకాయలు కళ్లాలకు చేరిన తర్వాతే. పత్తి తీతలు అయిపోవాలి, కాయలు ఎండి టిక్కీలకు ఎక్కాలి, చేతిలో నాలుగు రూపాయలు ఆడాలి. అప్పుడు రెండు ట్రాక్టరు ట్రక్కులు పక్కపక్కన నిలబెట్టి, పైన బల్లలు పరిచి, వెనక తెర కట్టేవాళ్లు. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల కింద నాటకం చూడ్డానికి బండి కట్టుకుని పోయేవాళ్లం. తోట తెర, వీధి తెర, దర్బారు తెర, అడవి తెర. ఈ నాలుగు తెరలతో భారతమంతా నడిచేది. హార్మోనియం శ్రుతి అందుకోగానే జనం సర్దుక్కూర్చునేవాళ్లు. పద్యం చివర రాగం లాగితే "వన్స్‌మోర్" అని ఈలలు. అదే పద్యం మూడుసార్లు పాడించిన రాత్రులు నాకు గుర్తున్నాయి. దర్బారు తెర మీద ఆ స్తంభాలను అంత లోతుగా వేసిన చిత్రకారుడెవరని అడిగిన రాత్రి మాత్రం ఒక్కటీ గుర్తులేదు.

ఆ పద్యం మీద మోజుకు కారణం ఉంది. 'సత్యహరిశ్చంద్రీయం' రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు ఈ గుంటూరు సీమ మనిషి. ఆ నాటకంలోని కాటి సీనుకు వినుకొండ కవి గుర్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. నాటకకర్త ఒకరు, పద్యకర్త ఇంకొకరు. ఇద్దరినీ కలిపింది నటులూ జనమూ. ఒక గొంగడి, భుజాన కర్ర, ఒక కుండ, వెనక నల్లటి తెర. అంత తక్కువ సరంజామాతో అంత భయం, అంత వైరాగ్యం పుట్టించిన సీను మరొకటి లేదు. అది కేవలం పద్యం బలమే అనుకుంటాం. ఆ నల్ల తెర తీసేసి తోట తెర కట్టి పాడించి చూడండి.

నాటకం చదువు అప్పట్లో నాటక సమాజాల్లోనే దొరికేది, వాటిలో తెనాలిది పెద్ద పీట. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభలో సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి అయ్యారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. 'నటస్థానం' పేరుతో తన అనుభవాలు రాసుకున్నారు. ఆయన గొంతు గురించి ఎంతైనా చెప్పుకుంటాం గాని, నన్ను అడిగితే ఆయన ఈ నేల మీద ఆహార్యానికి తొలి ఆచార్యుడు. సత్యభామ చీరకట్టు వేరు, మధురవాణి చీరకట్టు వేరు. రాణి నడకకు ఒక నగ, వేశ్య నడకకు ఇంకొక నగ. ఒక మగవాడు వేదిక మీద ఆడదై నిలబడాలంటే ఆ తేడాలన్నీ కుచ్చిళ్ల దగ్గర నుంచి తెలియాలి. ఇవాళ కాస్ట్యూమ్ డిజైన్ పాఠంలో పాత్ర తరగతి, వయసు, స్వభావం బట్టి బట్ట ఎంచుకోమని నేర్పేది సరిగ్గా ఇదే.

1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది కూడా తెనాలిలోనే. దానికి పూనుకున్న వనారస గోవిందరావు గారు సురభి నాటక కుటుంబాల మనిషి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబాలకు ఇల్లే కళాశాల. పిల్లవాడు తెర తాడు లాగడంతో మొదలుపెట్టి, దీపం పట్టుకుని, రంగు కలిపి, ఆ తర్వాత వేషానికి వస్తాడు. 'మాయాబజార్'లో లడ్లు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరిపోవడం, బాణాలు ఆకాశంలో ఢీకొని నిప్పులు రాలడం చూసి మనం పసిపిల్లలమైపోతాం. దాని వెనక సన్నటి తీగ, బరువు లెక్క, దీపం ఎటు పడకూడదో తెలిసిన కన్ను ఉన్నాయి. సురభివాళ్లు వాటిని కాగితం మీద పెట్టలేదు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి ఇచ్చారు.

ఒంగోలు సంగతి ఒకటి చెప్పాలి. టంగుటూరి ప్రకాశం పంతులు గారు కుర్రతనంలో అక్కడ నాటకాల్లో వేషాలు వేశారు. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు. ఆయనే ప్రకాశాన్ని రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. అక్కడ వాళ్ల సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు నాటకాలు రాశారు. చదువు కోసం నాటకం మానెయ్యమనే పెద్దలున్న దేశంలో, నాటకం చేయిపట్టి చదువుకు నడిపించిన కుర్రవాడు తర్వాత ఆంధ్రకేసరి అయ్యాడు. ఒంగోలులోని మన స్నాతకోత్తర కేంద్రం ఇవాళ ఆయన పేరుతోనే విశ్వవిద్యాలయంగా నిలిచింది.

కళాశాలల్లోకి నాటకం వచ్చాక సంగతి మరోలా మారింది. ఎన్.టి. రామారావు గారు బెజవాడ కాలేజీలో ఆడవేషం వేయాల్సి వచ్చినప్పుడు మీసం తీయనని పట్టుబట్టి "మీసాల నాగమ్మ" అనిపించుకున్న కథ అందరికీ తెలుసు. ఆ కథ చెప్పుకుని నవ్వుతాం గాని, అందులో ఒక కాలం మారిన జాడ ఉంది. స్థానం వారి తరం వేషానికి ఒళ్లంతా అప్పగించింది. కాలేజీ కుర్రాడి తరం తన ముఖాన్ని తనకే అట్టిపెట్టుకుంది. ఆ తర్వాత గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుతూ ఆయన నేషనల్ ఆర్ట్ థియేటర్ పేరుతో స్నేహితులను కూడగట్టారు. కొంగర జగ్గయ్య గారూ ఆ కళాశాల విద్యార్థే. అప్పట్లో మన కాలేజీలన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అక్కడి రిజిస్ట్రార్ కె.వి. గోపాలస్వామి గారు ప్రయోగాత్మక నాటకశాల నడిపి, అంతర కళాశాల పోటీలు పెట్టి, నాటకం చదువుకున్నవాళ్లు చేసే గౌరవమైన పని అని నమ్మించారు. ఒక రిజిస్ట్రార్ ఫైళ్ల మధ్య నాటకానికి చోటిచ్చిన సంగతి ఇవాళ విశ్వవిద్యాలయాలు నడిపేవారు గుర్తుంచుకోవాలి.

ప్రజా నాట్యమండలి 1943లో వచ్చింది. ఆ మండలి తరఫున, పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారు బుర్రకథను ఊరూరికీ మోశారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. దూదేకే ఇంటి బిడ్డ ఆ మాటను తలదించుకుని కాదు, అట్ట మీద అచ్చు వేయించుకుని చెప్పాడు. ఈ పత్తి నేల మీద దానికి మించిన బిరుదు నాకు తోచదు. ఆయనకు తెర లేదు, సెట్టు లేదు. తలపాగా, అంగరఖా, చేతి అందెలు, తంబురా. అందెల చప్పుడుతో యుద్ధభూమిని నిలబెట్టేవారు. ఆహార్యమంటే ఖర్చు అనుకునేవాళ్లకు నాజర్ గారే జవాబు.

ప్రపంచంలో నాటకం డిగ్రీ చదువుగా మారి ఎంతో కాలం కాలేదు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ టెక్ 1914లో మొదలుపెట్టింది. ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయం 1959లో వచ్చింది. మన దగ్గర రామారావు గారు ముఖ్యమంత్రిగా అకాడమీలను కలిపి 1985 డిసెంబరు 2న తెలుగు విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు అందులో రంగస్థల కళలకు శాఖ దక్కింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరుతో కళల పాఠశాల 1988లో మొదలైంది.

నేను నాటకం తరగతిలో చేరిన మొదటి వారం పద్యం పాడమంటారని గొంతు సవరించుకుని వెళ్లాను. మా మాస్టారు చేతికి సుత్తి ఇచ్చారు. ఆరడుగుల చట్రం కొట్టి, గుడ్డ బిగించి, జిగురు పూసి, గోడలా రంగు వేయమన్నారు. నాకు మేకు నిటారుగా దిగలేదు. మిరప తోటలో పెరిగిన చేతులకు అది చిన్నతనంగా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నెల తిరిగేసరికి వేదిక పటం గీయడం వచ్చింది. పైనుంచి చూస్తే తలుపు ఎక్కడ, మంచం ఎక్కడ, నటుడు ఎన్ని అడుగులు వేస్తే కిటికీ చేరతాడు. అట్టముక్కలతో చిన్న నమూనా కట్టాలి. దీపాల పటం వేరే. దీపం ఎదురుగా పెడితే ముఖం చదునవుతుంది, పక్కనుంచి కాస్త పైకి పెడితే ముక్కు, చెంప ఎముక లేస్తాయి. ఎర్ర కాగితం వేసిన వెలుగులో ఆకుపచ్చ చీర నల్లగా కనిపిస్తుందని తెలిసిన రోజున, మా ఊరి నాటకంలో ద్రౌపది ఎందుకు ఎప్పుడూ నల్లచీరలో కనిపించేదో అర్థమైంది. నటన కూడా అక్కడే మళ్లీ నేర్చుకున్నాను. గోడ సొంతంగా కట్టినవాడికి ఆ గోడకు ఆనుకునే తీరు వేరుగా వస్తుంది.

ఇవాళ మన జిల్లాల్లో పరిషత్తు నాటికలు ఆడే కుర్రాళ్లకు ఈ చదువు అత్యవసరం. సెట్టు ముక్కలుగా విడదీసి లారీ ఎక్కించి తీసుకొస్తారు. నాటికకూ నాటికకూ మధ్య దొరికే కాస్త వ్యవధిలో ఇల్లు కట్టి, ఆట కాగానే విప్పేస్తారు. బ్రహ్మాండమైన నైపుణ్యం అది. 2023 డిసెంబరులో గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగిన నంది నాటకోత్సవాల వంటి పెద్ద వేదికల మీద మన సమాజాల పనితనం రాష్ట్రమంతా చూస్తుంది. కానీ తెర కట్టేవాడికి, ముఖాలకు రంగు వేసే రూపశిల్పికి, దీపాలు నడిపేవాడికి తన పని ఒక శాస్త్రమని ఎవరూ చెప్పలేదు. వాళ్లలో డిగ్రీ ఉన్నవాళ్లు తక్కువ. వాళ్లకు తెలిసినది డిగ్రీ ఉన్నవాళ్లలో చాలామందికి తెలియదు. విశ్వవిద్యాలయం వాళ్లను విద్యార్థులుగా కాదు, అతిథి ఆచార్యులుగా పిలవాలి. కర్ర, గుడ్డ, రంగు, సుత్తి ఉన్న ఒక షెడ్డు, రాత్రి పదిదాకా తాళం వేయని షెడ్డు చాలు. నాటక విద్యకు అంతకంటే పెద్ద భవనం మొదట్లో అక్కర్లేదు.

ఈ సంచిక చదివే గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల వారికి నాది ఒకటే విన్నపం. మీ అటకల మీద, పాత ట్రంకు పెట్టెల్లో నాటకం కరపత్రాలు, నటుల చేతిరాత ప్రతులు, వేషాల ఫోటోలు, చెదపట్టని తెరలు, కిరీటాలు, భుజకీర్తులు ఉండే ఉంటాయి. పాత సామాన్లవాడికి వేయకండి. మన విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేర్చండి. ఆ తెర వేసిన మనిషి పేరు, ఆ కిరీటం అద్దిన మనిషి పేరు, ఊరు మీకు గుర్తుంటే ఒక చీటీ మీద రాసి దాని వెనక కుట్టి మరీ ఇవ్వండి.