గాండో ప్రాథమిక పాఠశాల

పశ్చిమాఫ్రికాలోని బుర్కినా ఫాసోలో, గాండో అనే పల్లెలో 2001లో పూర్తయిన బడి ఇది. వాస్తుశిల్పి డియెబెడో ఫ్రాన్సిస్ కెరె కట్టిన తొలి భవనం.

కెరె 1965లో గాండోలోనే, ఊరిపెద్ద ఇంట పుట్టాడు. ఊళ్లో బడి లేక ఏడేళ్లకే ఇల్లు వదిలి టెంకోడోగో పట్టణానికి వెళ్లాడు. అక్కడి తరగతి గదిలో చీకటి, ఉక్కపోత. వందమందికి పైగా పిల్లలు ఇరుక్కుని కూర్చునేవారు. 1985లో వడ్రంగం నేర్చుకోవడానికి ఉపకారవేతనంపై జర్మనీ చేరి, తర్వాత బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం చదివాడు. ఆ చదువు సాగుతుండగానే, 1998లో, సొంతూరి బడి కోసం ఒక సంఘం పెట్టి విరాళాలు పోగుచేశాడు.

మట్టితో కడదామంటే ఊరివాళ్లు మొదట ఒప్పుకోలేదు. వానలకు మట్టిగోడలు కరిగిపోవడం కళ్లారా చూసినవాళ్లు, వాళ్ల శంకలో తప్పులేదు. కెరె మట్టిలో కొంత సిమెంటు కలిపించి, యంత్రంలో అదిమి ఇటుకలు చేయించాడు. గోడలు తడవకుండా చూరును బాగా ముందుకు దించాడు. పిల్లలు పునాదికి రాళ్లు మోశారు, ఆడవాళ్లు నీళ్లు తెచ్చారు.

అసలు నేర్పంతా కప్పులోనే ఉంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే చోట రేకు నేరుగా నెత్తిమీద ఉంటే గది కొలిమి అవుతుంది. అందుకని ఇక్కడ గదికి ముందుగా సందులు వదిలి పేర్చిన ఇటుకల కప్పు వేశారు. దానికి పైన, ఇనుప చువ్వలను అతికి చేసిన చట్రాల మీద, రేకులు ఎత్తుగా నిలబెట్టారు. గదిలోని వేడిగాలి సందుల్లోంచి పైకెక్కి రెండు కప్పుల నడుమ వీచే గాలిలో కలిసిపోతుంది. కిటికీల గుండా కొత్త గాలి వస్తుంది. కరెంటుతో పనిలేదు. చట్రాలకు చేతిరంపం, చిన్న వెల్డింగ్ యంత్రం సరిపోయాయి, క్రేన్ అవసరమే పడలేదు. బయటి డబ్బుతో లేచిన ఎన్నో బడులకంటే గాండో మిన్న కావడానికి కారణం ఇదే: చెడిపోతే ఊరివాళ్లే బాగుచేసుకోగలరు.

మూడు గదులూ ఒకే వరసలో ఉంటాయి. గదికీ గదికీ మధ్య నీడపట్టున ఖాళీ జాగా వదిలారు. పిల్లలు అక్కడ ఆడుకుంటారు, పాఠాలూ వింటారు.

2004లో ఈ బడికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. పిల్లలు పెరగడంతో 2008లో మరో భవనం చేర్చారు. బడికి చేర్చిన గ్రంథాలయం కప్పులో ఊరి ఆడవాళ్లు చేసిన మట్టికుండలను అడుగు కోసి అమర్చారు; వెలుతురూ గాలీ వాటిలోంచే దిగుతాయి. 2022లో కెరెకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆఫ్రికన్ వాస్తుశిల్పికి అది రావడం అదే మొదటిసారి. ఈ బడి దగ్గర పని నేర్చుకున్న గాండో మేస్త్రీలు తర్వాత ఇతర చోట్ల కట్టడాలకూ పనికి వెళ్లారు.