నడుం నొప్పి అనుకుంటే వెన్నులో గడ్డ! 1887 నాటి ఆపరేషన్ కథ

మన రాయవరంలో నడుం నొప్పి అన్నామంటే వినపడే మాట ఒకటే: "నరం పట్టేసుంటది, నూనె రాసుకో, తగ్గిపోద్ది." చాలాసార్లు తగ్గిపోద్ది కూడా. కానీ తగ్గని నొప్పి ఒకటుంది. ఈరోజు దాని కథ.

1884, ఇంగ్లండ్. కెప్టెన్ గిల్బీ అనే ఆయనకి ఎడమ రెక్క ఎముక కింద నొప్పి మొదలైంది. ఎంతోమంది డాక్టర్లకి చూపించుకున్నాడు, తగ్గలేదు. మూడేళ్లకి రెండు కాళ్లూ పడిపోయాయి.

1887లో డాక్టర్ విలియం గోవర్స్ చూశారు. అప్పటికి ఎక్స్‌రే కూడా లేదు, అది 1895లో వచ్చింది. మరెలా కనిపెట్టారు? మన ఒంటి మీద ఒక్కో పట్టీకి ఒక్కో జత నరాలు. నొప్పి ఎక్కడ మొదలైంది, స్పర్శ ఎక్కడ ఆగింది అని చూసి, వెన్నుపాముని గడ్డ నొక్కుతోందని తేల్చారు.

జూన్ 9న లండన్‌లో సర్జన్ విక్టర్ హార్స్‌లీ ఆపరేషన్ చేశారు. తెరిచి చూస్తే గడ్డ లేదు! పక్కనున్న చార్లెస్ బాలన్స్ ఇంకొంచెం పైకి చూద్దామన్నారు. చూస్తే బాదంపప్పంత గడ్డ దొరికింది.

ఎందుకు తప్పింది? వెన్నుపాము వెన్నెముక కంటే పొట్టిది, నడుం పైభాగంలోనే ఆగిపోద్ది. అందుకే నరం పుట్టే చోటు, అది బయటికొచ్చే ఎముక కంటే పైన ఉంటది. ఏడాదికి ఆ కెప్టెన్ రోజుకి 16 గంటలు పని చేసేంతగా కోలుకున్నాడు.

ఆ గడ్డ వెన్నుపాము బయట ఉంది. లోపల పుట్టేవి ఇంకా అరుదు, ఇంకా కష్టం. ఎందుకంటే వెన్నుపాము చిటికెన వేలంత లావే. న్యూయార్క్‌లో ఎల్స్‌బర్గ్ 1910ల్లో ఓ ఉపాయం చెప్పారు: చిన్న గాటు పెట్టి వారం ఆగితే, గడ్డ కొంత దానంతటదే బయటికి తోసుకొస్తది, అప్పుడు తీయాలి. 1921లో పారిస్‌లో వెన్నులోకి అయోడిన్ నూనె ఎక్కించి ఎక్స్‌రేలో గడ్డ జాడ పట్టారు. తర్వాత మైక్రోస్కోప్, 1980ల్లో ఎమ్మారై వచ్చాయి.

మరి మన దగ్గర? 1949లో వెల్లూరులో జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో రామమూర్తి న్యూరోసర్జరీ మొదలుపెట్టారు. అప్పటికి మన గోదావరి జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. 1950ల్లోనే విశాఖ కేజీహెచ్‌లో డాక్టర్ బాలపరమేశ్వరరావు ఆ విభాగాన్ని నిలబెట్టారు.

ఇప్పుడు అసలు మాట. ఈ గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. కానీ కాళ్లు పూర్తిగా పడిపోయాక ఆపరేషన్ చేస్తే, పోయిన బలం అంతా తిరిగొస్తదన్న గ్యారంటీ లేదు. రాత్రి పడుకుంటే ఎక్కువయ్యే నొప్పి, నడకలో తూలడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మూత్రం పట్టు తప్పడం... ఇవి కనిపిస్తే నూనె సీసా పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

గిల్బీకి మూడేళ్లు పట్టింది. మన అమ్మానాన్నలకి అంత కాలం పట్టక్కర్లేదు.