ద్రవీకృత సహజవాయు వాణిజ్యము – ఆంధ్రతీరము

భూగర్భమునుండి వెలువడు సహజవాయువును, అనగా ప్రధానముగా మీథేనును, సుమారు మైనస్ 162 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు చల్లార్చినచో అది ద్రవమై, దాని ఘనపరిమాణము 600వ వంతునకు తగ్గును; గొట్టములు వేయ వీలులేని సముద్రములకు ఆవలి దేశములతో వాయువ్యాపారము సాగుటకు ఈ గుణమే మూలము. ఎల్.ఎన్.జి. యని వ్యవహరింపబడు ఈ పదార్థమును మన వంటయిండ్లలోని గ్యాసుబండతో పొరపడరాదు. బండలోనిది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమమైన ఎల్.పి.జి.; అది కొద్దిపాటి ఒత్తిడికే ద్రవమగును గనుక, విశాఖపట్టణమున కొండరాతిని తొలిచి 2007లో నిర్మించిన 60,000 టన్నుల గుహలో చల్లార్చు పని లేకయే నిలువ యుండుచున్నది. మీథేనునకు ఆ వెసులుబాటు లేదు. దానికి ప్రత్యేకమైన శీతలనౌక, తీరమున శీతలకుంభము, మరల ఆవిరిచేయు యంత్రము, అటుపై కొనువాని వాకిటివఱకు గొట్టము కావలయును. వీనిలో ఏ యొక్కటి లోపించినను తక్కినవన్నియు వ్యర్థములే.

1959లో ‘మీథేన్ పయొనీర్’ అను నౌక అమెరికాలోని లూసియానా నుండి ఇంగ్లండులోని కాన్వీ ద్వీపమునకు ఈ ద్రవమును చేర్చి, సముద్రయానము సాధ్యమేయని నిరూపించెను. 1964లో అల్జీరియానుండి నియతవాణిజ్యము మొదలాయెను; 1969లో అలాస్కానుండి జపానునకు తొలి సరకు చేరెను. ద్రవీకరణకేంద్రమునకు అపారధనము వెచ్చింపవలసియుండుటచే, అమ్మువాడు ఇరువదేండ్ల ఒడంబడిక లేనిదే పునాదిరాయి వేయకుండెను. ధర ముడిచమురు ధరతో ముడివడియుండెను. కొన్నవాడు సరకు దింపుకొనకున్నను సొమ్ము చెల్లింపవలయును. నిర్ణీతమైన రేవునకు గాక వేఱొక చోటికి నౌకను మరల్చుటకు తఱచుగా వీలులేకుండెను. కావున ఆనాటి పోటీ ధరలలో గాక, దీర్ఘకాలము కొనగలవానిని ఎవడు ముందుగా కట్టుకొనునన్న విషయమున నుండెను.

ఈ కట్టుబాటును సడలించినది అమెరికా. 2016లో లూసియానాలోని సబీన్‌పాస్ నుండి ఎగుమతి మొదలుపెట్టి, తన దేశములోని వాయుధరకు ద్రవీకరణరుసుమును చేర్చి, గమ్యనియమము లేకయే అమ్మసాగి, 2023 నాటికి ఖతారు, ఆస్ట్రేలియాలను మించి ప్రథమస్థానము నందుకొనెను. స్వేచ్ఛ హెచ్చినకొలది ధరల చాంచల్యమును హెచ్చెను: 2020లో ఆసియా విపణిలో పదిలక్షల బ్రిటిషు ఉష్ణమానములకు 2 డాలర్లకు దిగజారిన ధర, 2022లో రష్యా గొట్టపువాయువు తగ్గిన ఐరోపా దొరకిన నౌకనెల్ల కొనుటచే 70 డాలర్లను దాటెను. అప్పుడు పాకిస్తాను టెండర్లు పిలిచినను అమ్మువాడు కానరాలేదు. మన గెయిల్ సంస్థకును ఒడంబడిక ప్రకారము రావలసిన సరకులు రాక నిలిచిపోయెను. ధనికుడు పెంచిన ధరకు పేదవాడు చీకటిలో నుండవలసివచ్చుట ఈ స్వేచ్ఛావిపణిలోని కఠినసత్యము.

భారతదేశమునకు ఈ ద్రవము 2004లో గుజరాతులోని దహేజ్ రేవున తొలుత దిగెను. ఏటా 75 లక్షల టన్నులకై పెట్రోనెట్ సంస్థ ఖతారుతో 1999లోనే ఒడంబడిక చేసికొనియుండెను. 2015లో విపణిధరలు పడిపోగా భారతీయులు నిర్ణీతపరిమాణమును దింపుకొనక, చెల్లింపవలసిన అపరాధమును మాన్పించుకొని, ధరను సైతము తగ్గింపజేసికొనిరి. పెద్ద కొనుగోలుదారు చేతిలో ఎంతటి బలముండునో దీనివలన స్పష్టము.

ఇక ఆంధ్రతీరము. 2002లో కృష్ణా–గోదావరి లోతుజలములలో కనుగొనబడిన కె.జి.–డి6 వాయువు 2009 ఏప్రిలులో వెలికివచ్చి, మఱుసటి సంవత్సరమునకే దినమునకు 6 కోట్ల ఘనపుమీటర్ల ప్రాంతమునకెక్కి, ఆపైన కొలదియేండ్లలో శీఘ్రముగా క్షీణించెను. దానిని నమ్మి గోదావరీప్రాంతమున కట్టిన విద్యుత్కేంద్రములు నిలిచిపోయెను. ఆ లోటు పూడ్చుటకై కాకినాడవద్ద తేలుడు నౌకాకేంద్రమును, గంగవరమున 50 లక్షల టన్నుల తీరకేంద్రమును ప్రతిపాదింపబడినవి; రెండును కాగితముపైననే మిగిలెను. కారణము దుర్గ్రహము కాదు. దిగుమతివాయువుతో పుట్టు విద్యుత్తు బొగ్గు విద్యుత్తుకంటె ప్రియము. అందుచేతనే 2015లో కేంద్రప్రభుత్వము ఆగిపోయిన కేంద్రములకు దిగుమతివాయువు నిప్పించుటకు రాయితీ నీయవలసివచ్చెను. ఈలోగా తూర్పుతీరమున తమిళనాటి ఎన్నూరు 2019లోను, ఒడిశా ధామ్రా 2023లోను కేంద్రములను పొందెను.

ఈ వెనుకబాటునకు పెద్దగా విచారింపనక్కఱలేదని ఈ వ్యాసకర్త యభిప్రాయము. కొచ్చిలో 2013లో 50 లక్షల టన్నుల కేంద్రము సిద్ధమైనను, మంగళూరు గొట్టము 2021 జనవరిలో ప్రారంభమగువఱకు అది తన శక్తిలో స్వల్పభాగమునే వినియోగింపగలిగెను. ఉత్తరాంధ్రమున కొనువారు మఱియు పలుచన: విశాఖలోని కోరమాండల్ ఎరువుల కర్మాగారము దిగుమతి అమ్మోనియాతో నడచును, చీపురుపల్లి ప్రక్కనున్న గరివిడి ఫెర్రో అల్లాయ్స్ కొలుములు విద్యుత్తుతో నడచుటకు కట్టబడినవే. కాకినాడ–విశాఖ–శ్రీకాకుళము గొట్టపుమార్గమునకు 2014లో అనుమతి లభించినది. ఆ మార్గము వెంబడి ఏటేట తప్పక కొనువారు ఏర్పడిన పిమ్మటనే ఈ తీరమున దిగుమతికేంద్రమును తలపెట్టుట యుక్తము. అంతకుముందు కట్టినచో అది మఱియొక కొచ్చి యగును.