గీత గీశాక అడిగే మాట: పల్నాడు పట్టణ ప్రణాళికల్లో ప్రజాభిప్రాయం

పట్టణంలో ఒక స్థలం వినియోగం మారాలంటే ముందుగా రాజపత్రంలో ఒక ముసాయిదా ప్రకటన వస్తుంది. కోస్తా, రాయలసీమ పట్టణాలకు సంబంధించిన ఈ ప్రకటనల రూపం దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. 1920 నాటి పట్టణ ప్రణాళిక చట్టం కింద మంజూరైన ఫలానా పట్టణపు మాస్టర్ ప్లాన్‌లో ఫలానా సర్వే నంబరు భూమిని వ్యవసాయం నుంచి నివాసానికో, నివాసం నుంచి వాణిజ్యానికో మార్చదలిచామని, పదిహేను రోజుల్లోగా అభ్యంతరాలు, సూచనలు పంపవచ్చని అందులో ఉంటుంది. కింద హద్దుల పట్టిక ఉంటుంది: ఉత్తరాన ఫలానా సర్వే నంబరు, దక్షిణాన ఇన్ని అడుగుల రోడ్డు. పటం చూడాలంటే పని వేళల్లో ఆఫీసుకు వెళ్లాలి. ప్రకటన భాష సాధారణంగా ఇంగ్లీషు. తన పొలం పక్క సర్వే నంబరు గుర్తుండే రైతుకైనా ఆ పట్టిక ఎంతో కొంత అర్థమవుతుందేమో గాని, డోర్ నంబరు తప్ప మరేదీ తెలియని పట్టణవాసికి అందులో తన ఇల్లు కనిపించదు.

చట్టం అడగమన్నది అడిగినట్టే లెక్క. పల్నాడు పట్టణాల్లో జనాన్ని అసలు అడగడం లేదన్న ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది గాని, అది పూర్తిగా నిజం కాదు. అడుగుతారు. పటం మీద గీత పడ్డాక, ఆ గీతను చెరపగల ఎన్నికైన సభ ఉందో లేదో చూడకుండా అడుగుతారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల మూడూ ఈ లోపాన్ని మూడు రకాలుగా చూపిస్తున్నాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

1920 నాటి రెండు చట్టాలు

మద్రాసు ప్రభుత్వం 1920లో జిల్లా మునిసిపాలిటీల చట్టాన్నీ, పట్టణ ప్రణాళిక చట్టాన్నీ చేసింది. రెండోది పేరు మారి ఆంధ్ర ప్రాంతంలో నేటికీ వాడుకలో ఉంది. దానికి కాస్త ముందు, 1914-15లో, స్కాట్లండ్‌కు చెందిన పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ మద్రాసు ప్రెసిడెన్సీలోని పట్టణాలు తిరిగి నివేదికలు రాశాడు. రోగిని చూడకుండా వైద్యం చేయకూడదు, పట్టణాన్ని చదవకుండా ప్రణాళిక వేయకూడదు అన్నది ఆయన పట్టుదల. పాత వీధులను చీల్చుకుంటూ కొత్త రోడ్డు వేయడం కన్నా అవసరమైన చోట ఒకటి రెండు ఇళ్లు తీసి గాలి ఆడేలా చేస్తే చాలని, ఆ పని అక్కడి మనుషులతో కలిసి చేయాలని వాదించాడు. 1920 చట్టంలోకి ప్రణాళిక వచ్చింది గాని, ఆ సర్వే స్ఫూర్తి అంతగా రాలేదు. ముసాయిదా, ప్రకటన, అభ్యంతరం, మంజూరు అన్న వరుస మాత్రం స్థిరపడింది.

అదే సమయంలో, పల్నాడు అప్పట్లో భాగంగా ఉన్న గుంటూరు జిల్లాలో ఏం జరిగిందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేయడాన్ని అక్కడి నేతగాళ్లు, రైతులు ఒప్పుకోలేదు. పన్ను ఎన్నో రెట్లు పెరిగింది, సౌకర్యం మాత్రం కనిపించలేదు. అర్జీలు పెట్టుకున్నా వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఊరు ఖాళీ చేసి, మునిసిపల్ హద్దు అవతల రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. దీన్ని మనం ఎక్కువగా సహాయ నిరాకరణ చరిత్రలో భాగంగా చదువుకుంటాం. పట్టణ పాలన చరిత్రలోనూ దానికి చోటు ఉండాలి. ఒక ఊరు పట్టణం కావాలో వద్దో ఎవరు తేల్చాలన్న ప్రశ్నను తెలుగునాట అంత సూటిగా వేసిన సందర్భం మరొకటి కనబడదు.

గురజాల: గ్రామసభ పోయాక

శతాబ్దం తర్వాత, 2020 జనవరిలో, గురజాల, దాచేపల్లి నగర పంచాయతీలయ్యాయి. గురజాలలో జంగమహేశ్వరపురం, దాచేపల్లిలో నడికుడి కలిశాయి. ఇలాంటి మార్పుకు ఆధారం రాజ్యాంగంలోని 243క్యూ అధికరణ. జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం చూసి గవర్నరు నిర్ణయిస్తారని అది చెబుతుంది. ఆ ఊరి జనం ఏమంటున్నారన్నది ఆ జాబితాలో విడిగా లేదు. వందేళ్ల కిందట చీరాలవాసులు అడిగింది ఈ ఖాళీ గురించే.

పంచాయతీ పోతే ఏం పోతుంది? సర్పంచి పోతాడు, చైర్మన్ వస్తాడు. అది పెద్ద విషయం కాదు. పోయేది గ్రామసభ. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషికీ చట్టప్రకారం కూర్చునే హక్కున్న సభ అది. దాన్ని ఎన్ని ఊళ్లలో నిజంగా జరుపుతున్నారు, ఎన్ని చోట్ల ఇళ్లకు తీసుకెళ్లి సంతకాలు పెట్టిస్తున్నారన్నది వేరే చర్చ. కానీ జరగలేదని ఫిర్యాదు చేయడానికైనా ఒక హక్కు ఉంది. నగర పంచాయతీలో ఆ స్థానంలో ఏం వస్తుంది? 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన 243ఎస్ అధికరణ వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది, అయితే మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకే. 2011 జనాభా లెక్కల ప్రకారం లక్ష దాటిన నరసరావుపేట కూడా ఆ గీతకు చాలా దూరంలో ఉంది. ఇక గురజాల సంగతి చెప్పేదేముంది. అంటే పల్లెకు గ్రామసభ ఉంది, మహానగరానికి వార్డు కమిటీ ఉంది. మధ్యలో ఉన్న పట్టణానికి రాజ్యాంగం గట్టిగా ఇచ్చిన వేదిక లేదు. పల్నాడు జిల్లాలోని పట్టణాలన్నీ ఈ మధ్యలోనే ఉన్నాయి.

జంగమహేశ్వరపురం కూలీకి ఇందులో ఇంకో నష్టం ఉంది. ఉపాధి హామీ చట్టం గ్రామీణ ప్రాంతానికే వర్తిస్తుంది. మిర్చి కోతలు, పత్తి తీతలు అయిపోయాక వేసవిలో చెరువు పనికి వెళ్లే మనిషికి ఊరు పట్టణమైన రోజున ఆ పని పోతుంది. మార్చే ముందు అడగాల్సిన మనిషి ఎవరంటే మొదట ఆ కూలీనే. ఇంటి పన్ను పెరుగుతుందని గోల చేసే మేడ యజమాని గొంతు ఎలాగూ వినబడుతుంది.

గురజాల, దాచేపల్లి వార్డులకు ఎన్నికలు 2021 నవంబరులో జరిగాయి. అంటే దాదాపు రెండేళ్లు పంచాయతీ సభ్యులు లేరు, కౌన్సిలర్లు లేరు. హద్దులు, వార్డులు, పన్ను మదింపు లాంటి పునాది పనులు మొదలు కావాల్సిన రెండేళ్లవి.

సభ లేని పట్టణం, పోటీ లేని సభ

నరసరావుపేట 1915 నుంచి మునిసిపాలిటీ. మల్రాజు జమీందారుల కాలంలో పెరిగిన ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు వచ్చింది, శివారు పొలాల ధరలకు రెక్కలొచ్చాయి, లేఅవుట్ల ఫ్లెక్సీలు వెలిశాయి. ప్రణాళికపై జనం మాట అన్నిటికన్నా అవసరమైన ఈ కాలంలోనే పట్టణానికి పాలకవర్గం లేదు. 2014లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలో జరిగిన మునిసిపల్ ఎన్నికల జాబితాలో నరసరావుపేట లేదు. అయిదేళ్లకోసారి ఎన్నికలు జరగాలని రాజ్యాంగం చెబుతున్నా ప్రత్యేకాధికారి పాలనే సాగింది. అభ్యంతరం పంపినా దాన్ని చదివేదీ అధికారే, ప్రతిపాదన పంపేదీ అధికారే. అధికారి సమర్థుడు కావచ్చు, నిజాయితీపరుడు కావచ్చు. మల్లమ్మ సెంటర్‌లో దుకాణం పెట్టుకున్నవాళ్లు ఓటు వేయనని బెదిరించగలిగిన మనిషి మాత్రం కాదు.

మాచర్లది ఇంకో కథ. 2021 మార్చిలో అక్కడి 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. పిడుగురాళ్లలో 33కు 33 అంతే. ఆ ఏకగ్రీవాలపై జరిగిన రాజకీయ వివాదం జోలికి ఈ వ్యాసం వెళ్లడం లేదు. ప్రణాళికల కోణంలో చూస్తే చాలు. చిన్న పట్టణంలో వార్డు ఎన్నిక ప్రచారమే అసలైన ప్రజాభిప్రాయ సేకరణ. ఇంటింటికీ తిరిగేటప్పుడే కాల్వ ఎక్కడ పొంగుతోందో, రోడ్డు ఎవరి అరుగు దాకా వచ్చిందో అభ్యర్థి చెవిన పడుతుంది, "గెలిస్తే చేస్తాను" అని మాట ఇస్తాడు. పోటీ లేనప్పుడు ఆ తిరుగుడూ ఉండదు, ఆ మాటా ఉండదు. సభ ఉంటుంది గాని, ఫలానా విషయంలో జనం తనను ఎందుకు పంపారో ఆ సభకు తెలిసే దారి ఉండదు.

దీనికి తోడు ప్రణాళిక అధికారం ఒక చోట నిలవదు. సత్తెనపల్లి ప్రాంతాన్నే తీసుకుంటే రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) కిందికి వెళ్లింది, ఆ తర్వాత నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు పట్టణాభివృద్ధి సంస్థలోకి వచ్చింది, 2024లో మళ్లీ సీఆర్‌డీఏకు చేరింది. లేఅవుట్ మీద అభ్యంతరం ఉన్నవాడు ఏ ఊరి బస్సెక్కాలో ముందు కనుక్కోవాలి.

రోడ్డు వెడల్పు: అడగని కిరాయిదారు

ప్రణాళిక జనానికి మొదట కనబడేది గోడ మీద ఎర్ర రంగు గుర్తుగా. టౌన్ ప్లానింగ్ సిబ్బంది టేపు పట్టుకుని వచ్చి రోడ్డు మధ్య నుంచి కొలిచి మార్కింగ్ వేస్తారు. ఆ రోజు దాకా మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధి వెడల్పు ఎంత అని ఎవరూ చూడరు. చూడాల్సిన రోజున ముసాయిదా ఆఫీసులో ఉండింది. అభ్యంతరాల గడువు ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి అసలు చర్చ మార్కింగ్ పడ్డాకే మొదలవుతుంది. అది చర్చ కూడా కాదు, బేరం: పది అడుగులకు బదులు ఆరు అడుగులు, గుడి వైపు కాకుండా అటువైపు, పండగ వెళ్లాక.

ఈ బేరంలో కూర్చునేది స్థలం యజమాని. పోయిన స్థలానికి డబ్బుకు బదులు టీడీఆర్ బాండు ఇస్తామంటారు. అంటే అదనపు అంతస్తు కట్టుకునే హక్కు, లేదా దాన్ని అమ్ముకునే హక్కు. విశాఖలోనో విజయవాడలోనో బిల్డర్లు కొంటారు. రెండంతస్తులు దాటని వీధులున్న పట్టణంలో ఆ బాండు కొనేవాడెవరు? తణుకులో టీడీఆర్ బాండ్ల జారీ మీద విచారణల దాకా వెళ్లాక వాటి మీద నమ్మకం మరింత తగ్గింది. ఇది యజమాని కష్టం. ముందు భాగంలో ఇరవై ఏళ్లుగా అద్దెకు ఉన్న టైలరుకు, సైకిల్ షాపు అతనికి ఆ బాండూ లేదు. నోటీసు యజమాని పేరున వస్తుంది. దుకాణం సగం తెగాక మిగిలిన సగానికి అద్దె పెరిగిందని చెప్పినప్పుడే ప్రణాళిక సంగతి కిరాయిదారుకు తెలుస్తుంది. విచిత్రమేమిటంటే 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు ఉండాలి. తోపుడుబండికి చట్టం ఇచ్చిన కుర్చీ, షట్టరు వెనక ఉన్న కిరాయిదారుకు ఇవ్వలేదు.

కామారెడ్డి నుంచి

ముసాయిదా వెలువడ్డాక అడగడం వల్ల ఏమీ ఒరగదని కూడా అనలేం. 2022 చివర్లో తెలంగాణలోని కామారెడ్డి ముసాయిదా మాస్టర్ ప్లాన్ బయటికి వచ్చింది. మునిసిపాలిటీలో విలీనమైన గ్రామాల సాగు భూములు పారిశ్రామిక జోన్‌లో ఉన్నాయని తెలిసి రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. బంద్ జరిగింది, కలెక్టరేటు ముట్టడి జరిగింది. 2023 జనవరి 20న కౌన్సిల్ సమావేశమై ముసాయిదా రద్దుకు తీర్మానం చేసింది. అదే నెలలో జగిత్యాల కౌన్సిల్ కూడా అదే దారి పట్టింది. ఆ ప్లాన్ మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెడితే, అక్కడ ఒక సభ ఉంది. రైతులు కౌన్సిలర్ల ఇళ్ల ముందు కూర్చోగలిగారు, రాజీనామా చేయమని అడగగలిగారు. ఆ గొడవే నరసరావుపేటలో లేస్తే ఎవరి ఇంటి ముందు కూర్చుంటారు?

అమరావతి భూసమీకరణలో మరో రకం అనుభవం ఉంది. 2015 నిబంధనల్లో అభ్యంతరానికి 9.2 ఫారం, సమ్మతికి 9.3 ఫారం ఉండేవి. ఉండవల్లి, పెనుమాకల్లో చాలామంది 9.2 ఇచ్చారు. కనీసం "వద్దు" అనడానికి ఒక కాగితం, దానికొక నంబరు, ఇచ్చినట్టు రసీదు ఉన్నాయి. తర్వాత కోర్టుల్లో ఆ కాగితాలకు విలువ వచ్చింది. 2025లో రెండో విడత సమీకరణ పల్నాడు జిల్లా అమరావతి మండలంలోని వైకుంఠపురం, పెదమద్దూరు, ఎండ్రాయి, కర్లపూడి దాకా వచ్చింది. అవి ఇంకా పంచాయతీలే కాబట్టి అక్కడ గ్రామసభ పెట్టక తప్పదు. జిల్లాలో ఒక కొసన రైతుకు ఉన్న ఈ వేదిక, ఇంకో కొసన గురజాల రైతుకు ఎందుకు లేదో వివరించే సూత్రం చట్టంలో ఎక్కడా దొరకదు.

ఉన్న చట్టంతోనే

కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కరలేదు. 2019 అక్టోబరు 2 నుంచి వచ్చిన వార్డు సచివాలయాల్లో ప్లానింగ్, రెగ్యులేషన్ కార్యదర్శి అని ఒక ఉద్యోగి ఉన్నారు. ఆ ఉద్యోగి సమయం ఎక్కువగా ఇళ్ల ప్లాన్ల పరిశీలనకు, అనుమతి లేని కట్టడాలకు నోటీసులివ్వడానికే సరిపోతోంది. ముసాయిదా గీయకముందే వార్డు పటాన్ని డోర్ నంబర్లతో, వీధి పేర్లతో తెలుగులో సచివాలయం గోడ మీద అంటించి, ఎక్కడ నీళ్లు నిలుస్తున్నాయో, ఏ సందు బండి తిరగనంత ఇరుకో జనం చేతే గుర్తు పెట్టించే పని ఆ ఉద్యోగిదే కావాలి. అద్దెదారుల జాబితా కూడా అప్పుడే రాసుకోవచ్చు. అభ్యంతరం ఇచ్చిన ప్రతివారికీ దాన్ని ఒప్పుకున్నారా, లేదా, ఎందుకన్నది తెలుగులో రాతపూర్వకంగా చెప్పమని ఒక జీవో చాలు. పదిహేను రోజుల గడువు మొదలయ్యేది రాజపత్రం తేదీ నుంచి కాకుండా వార్డులో పటం అంటించిన తేదీ నుంచి అంటే అభ్యంతరాలు రెట్టింపవుతాయని పట్టణ ప్రణాళిక విభాగం భయపడవచ్చు. ఆ భయం నిజమే. ఇన్నాళ్లూ మార్కింగ్ పడిన గోడ దగ్గర జరుగుతున్న బేరమే అప్పుడు ఆఫీసు ఫైల్లోకి వస్తుంది.

నరసరావుపేట కౌన్సిల్ లోటును మాత్రం ఏ సచివాలయమూ తీర్చలేదు. దానికి ఎన్నికే జరగాలి.